వరద తీశాక పాములతో జాగ్రత్త

అందరికీ నమస్కారం. ఏటి నీరు తీస్తోంది. గట్టు బొరియలు మునగడంతో పాములు మెరక వెతుక్కుంటూ ఇళ్లలోకి వస్తాయి. ఎలుకలూ అక్కడికే చేరతాయి కాబట్టి నీరు తగ్గినా వెంటనే పోవు. కట్టెల మోపు, తడిసిన గోనెసంచులు, బోర్లించిన పడవ కింద చెయ్యి పెట్టేముందు పొడవాటి కర్రతో కదపండి. బూట్లు దులిపి వేసుకోండి. రాత్రి టార్చి లేకుండా దిగొద్దు. నీటిపాములన్నీ విషపువి కావు, చంపకండి.

కాటు పడితే తాడు బిగించొద్దు, రక్తం ఆగి కాలో చెయ్యో పాడవుతుంది. కోయడం, పీల్చడం అసలే వద్దు. వాపు రాకముందే ఉంగరాలు, గాజులు తీసేయండి. కాటుపడ్డ భాగం కదలకుండా బద్దతో వదులుగా కట్టి, నడిపించకుండా మోసుకుని ఆస్పత్రికి తీసుకెళ్లండి. పామును పట్టే ప్రయత్నం చేస్తే రెండో కాటు మీకే. దూరం నుంచి ఫోటో దొరికితే సరే, లేకపోయినా ఆగొద్దు.