కోత పండుగ, సువార్త కూడికల జమా ఖర్చుల వివరణ

ప్రభువునందు ప్రియమైన సంఘ సభ్యులకు, దూరాన ఉండి కానుకలు పంపిన మనవారికి కమిటీ వందనాలు. ఈ లెక్క నాలుగు నెలల కిందటే మీ ముందుకు రావలసింది. ఆలస్యానికి కారణం చివరి ఖర్చుకు సంబంధించిన కాగితం చేతికి రాకపోవడమే గాని, కాలువ గట్టు మీద కొందరు చెప్పుకుంటున్నట్టు లెక్క తేలకపోవడం కాదు.

జమ కింద, కిందటి ఏడాది నిల్వ రూ. 6,240, కోత పండుగ కానుకలు, కొబ్బరి గెలలకూ కోళ్లకూ బియ్యానికీ వేలంలో పలికిన సొమ్ము కలిపి 41,350, మూడు రాత్రుల కూడికల కానుకలు 28,410, కువైట్, మస్కట్‌లలో పని చేస్తున్న మన ఆడపడుచులు పంపినది 30,000, స్త్రీల సమాజం వారి పిడికెడు బియ్యం అమ్మగా వచ్చినది 9,800. మొత్తం 1,15,800.

ఖర్చు కింద, పందిరికి, కుర్చీలకు, మైకు సెట్టుకు 32,500. ప్రసంగీకుల ప్రయాణాలకు, కానుకలకు 14,000. భోజనాలకు 21,700 (రెండో రాత్రి వానకు తడిసిన బియ్యం బస్తా ఇందులోనే ఉంది). కరెంటుకు, కరపత్రాలకు 5,150. ఇవి 73,350. వీటన్నిటికీ రసీదులు ఉన్నాయి, ఎవరూ ఏమీ అడగలేదు.

అడిగినదల్లా మిగిలిన 42,450లో 34,000 మందిరం ప్రహరీ గోడకు పోకుండా ఒక సోదరికి ఎందుకు పోయిందనే. అందులో 19,000 ఆమె పేరున ఉన్న ప్రోనోటు అప్పు తీర్చడానికి, 9,500 కుట్టు మిషనుకు, 4,300 రెండు నెలల ఇంటి అద్దెకు, 1,200 ఒక చీరకు అయ్యాయి. అప్పిచ్చినవారు సొమ్ము తీసుకున్నారు గాని, వెనుక చెల్లు రాసి ప్రోనోటు తిరిగి ఇవ్వడానికి మమ్మల్ని పలుమార్లు తిప్పారు. అది ఇప్పుడు కమిటీ దగ్గర ఉంది. చూడదలచినవారు రావచ్చు, కాని పేరు మీద కాగితం అతికించే చూపిస్తాం.

ఆ అప్పు ఎలా పుట్టిందో, అంతకుముందు ఆమె ఏమి పడ్డారో మాకు తెలుసు. అది ఈ లెక్కలో రాయం. రెండో రాత్రి వాక్యం యెషయా 43వ అధ్యాయం మీద జరిగింది. దేవుని దృష్టికి మనిషి ప్రియమైనవాడు, ఘనుడు అన్న మాట విని, అన్నాళ్లూ చెప్పులు విడిచేచోట గుమ్మం పక్కన కూర్చుని బల్లారాధనకు (రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ఆరాధనకు) ముందే లేచిపోయే ఆమె, ఆ రాత్రి పెద్దల దగ్గరకు వచ్చి, ఇది తనలాంటిదానికి కూడానా అని అడిగారు. డెబ్బై మూడు వేలు పెట్టి మూడు రాత్రులు మైకులో చెప్పించిన మాటను ఒక్కరు నమ్మి వస్తే, ప్రార్థన చేసి అప్పులవాడి వాకిట్లోకే తిరిగి పంపడం కమిటీకి చేతకాలేదు.

ఇంత ఇచ్చినప్పుడు మూడో రాత్రి ఆమెచేత సాక్ష్యం ఎందుకు చెప్పించలేదని కొందరు అడిగారు. చెప్పమని ఒకసారి అడిగాం, వద్దన్నారు, అంతటితో ఊరుకున్నాం. లూకా 15లో, ఆస్తి పాడుచేసుకుని తండ్రి ఇంటికి తిరిగి వచ్చిన చిన్న కుమారుడు తనను కూలివారిలో ఒకనిగా పెట్టుకోమని అడగాలనుకొని బయలుదేరాడు. తండ్రి ఎదుట ఆ చివరి మాట అతని నోట వచ్చినట్టు అక్కడ లేదు, ఈలోపే తండ్రి అతనికి వస్త్రం, ఉంగరం తెమ్మన్నాడు. చీర మీద వచ్చిన ప్రశ్నకూ ఇదే మా జవాబు. ఉంగరం కొనే స్తోమత కమిటీకి లేదు.

కుట్టు మిషను దేనికి, లేసు అల్లుకోవచ్చు కదా అన్నవారూ ఉన్నారు. బౌడెన్, బీర్ అనే ఇంగ్లీషు మిషనరీ దొరలు 1836లో మన దేశానికి వచ్చి, నరసాపురంలో పని మొదలుపెట్టిన తరువాత మిషనరీల చలవతోనే ఈ ప్రాంతపు ఆడవారి చేతికి లేసు పని వచ్చిందని పెద్దలు చెబుతారు, ఆ మేలు మరువలేనిది. అయితే ఇంటికి దారం తెచ్చి ఇచ్చేవారు కట్టే కూలి ఎంతో అల్లేవారిని అడిగితే తెలుస్తుంది. దానితో అద్దె గడవదు.

సర్వసభ్య సమావేశం పెట్టకుండా ఖర్చు చేయడం మా తప్పే. పెట్టి ఉంటే ఆమె సంగతులన్నీ నలుగురిలో నానేవి గనుక, ఆ తప్పుకు సిద్ధపడే చేశాం. ఈ సొమ్మును అప్పుగా రాయమని ఆమే అడిగారు, మేము రాయలేదు.

గోడ ఆగిపోయిందన్న మాట నిజమే. అయితే కానుక ఇస్తామని మందిరంలో నిలబడి మాట ఇచ్చిన పదకొండు కుటుంబాల నుంచి ఇంకా 17,500 రావలసి ఉంది. గోడ గురించి గట్టిగా అడిగినవారిలో ఇద్దరు ఆ పదకొండులోని వారేనని రాయడం మాకు సంతోషం కాదు. చేతిలో నిల్వ 8,450. ఇటుకల ధర కనుక్కున్నాం, బకాయిలు వస్తే రోడ్డు వైపు గోడ వరకు మొదలుపెట్టగలం. లెక్కల పుస్తకం ప్రతి ఆదివారం ఆరాధన తరువాత కోశాధికారి దగ్గర ఉంటుంది.