కవ్వాల్ టేకు చావలేదు, మందు కొట్టించకండి

గౌరవనీయులైన తెలంగాణ అటవీ శాఖ మంత్రి గారికి,

నమస్కారం. వానాకాలం విరామం ముగిసి సఫారీకి జన్నారం వచ్చేవాళ్లకు కవ్వాల్ పులుల అభయారణ్యం గుట్టలు కొన్ని ఏడాదులు నిప్పంటుకున్నట్టు గోధుమ రంగులో కనిపిస్తాయి. అడవి అందం పోయిందని, టేకు చచ్చిపోతోందని అనుకోవడం సహజమే. ఆ మాట మీదాకా వచ్చి ఎవరైనా మందు కొట్టించమంటే దయచేసి ఒప్పుకోకండి.

ఒక ఆకు కోసి వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే సంగతి తెలిసిపోతుంది. సన్న ఈనెలు కూడా వలలాగా మిగిలి, వాటి మధ్య పచ్చదనం మాత్రమే పోయిందంటే అది ఆకును జల్లెడ చేసే యూటెక్టోనా పురుగు పని. ఇది తినేది ముదురాకును. కొన్నాళ్లకు ఎలాగూ రాలిపోయే ఆకు అది, చెట్టు ఆ ఏటి ఎదుగుదల అప్పటికే చాలావరకు అయిపోయింది. గోటితో లేత కొమ్మ బెరడు గీకండి, లోపల పచ్చగా, తడిగా ఉంటుంది.

పైగా గుట్ట రంగు మారినట్టు దూరానికి తెలిసేసరికి పురుగు తినాల్సింది చాలావరకు తినేసి ఉంటుంది. అంత ఎత్తు చెట్ల మీద, ఆకు అడుగున సన్నని గూడు కింద దాక్కున్న పురుగుకు మందు సరిగా తగలదు. తగిలేది తేనెటీగలకు, సాలీళ్లకు, ఈ పురుగునే తినే కందిరీగలకు, కింద వాగుకు.

అసలు నష్టం తొలకరిలో, లేత తోటల్లో జరుగుతుంది. అప్పుడొచ్చే హైబ్లియా పురుగు చిగురాకును లావు ఈనెలు తప్ప మిగల్చదు. కేరళ అటవీ పరిశోధన సంస్థ నీలంబూరు లేత తోటల్లో కొలిస్తే, రావాల్సిన కలప పెరుగుదలలో 44 శాతం దీనివల్లే పోయినట్టు తేలింది. కొన మొగ్గ పోయిన మొక్క పంగలు చీలి, పొడవైన దుంగ ఇవ్వదు. అయినా కొత్త చిగురు త్వరగా కప్పేయడంతో చూసేవాళ్లకు అది కనిపించనే కనిపించదు.

కాబట్టి డబ్బు, మనుషులు అక్కడ కావాలి. తొలి వాన నుంచి జూలై చివరిదాకా వారానికోసారి బీట్ సిబ్బంది ఒక్కో తోటలో 20 చెట్ల కింది కొమ్మలు చూడాలి. ఆకు అంచు కోసి మడిచినట్టుంటే లోపల పురుగు ఉన్నట్టే. పురుగు ఇంకా చిన్నగా ఉన్నప్పుడే, ఆ కేరళ సంస్థే అభివృద్ధి చేసిన, ఈ పురుగును చంపే వైరస్ మందును సాయంత్రం పూట చల్లాలి. ఎండకు వైరస్ చచ్చిపోతుంది, పురుగు పెద్దదయ్యాక చల్లితే ఆకు అప్పటికే పోయి ఉంటుంది. పురుగులను తినే పిట్టలకు నీడనిచ్చే కింది పొదలను మొత్తం నరికించవద్దు.

సఫారీ గేటు దగ్గర పెద్ద బోర్డు పెట్టించి, రెండు రకాల ఆకులూ పక్కపక్కనే చూపించండి. గైడ్లకు ఒక పూట శిక్షణ చాలు. ఈ రెండు పనులకూ సఫారీ తెరిచేలోపే ఆదేశాలివ్వాలని కోరుతున్నాం.

ఇట్లు,
టేకు తోటల పురుగుల సంగతి తెలిసిన కొందరం