నెల్లూరు జిల్లాలో మన జానపద కళాకారుల సంఘం: 2024-25 వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

లెక్కల ఆడిట్ పూర్తయింది, ఆఫీసుకొచ్చి ఎవరైనా చూసుకోవచ్చు. పింఛను కాగితాలు కొందరివి ఇంకా తేలలేదు, వెంటపడుతున్నాం. ఇక మిగిలింది మన జానపద పోటీలో ఇచ్చే ఉగాది పురస్కారం. ఈ ఏడాది కార్యవర్గం గొంతు పోయేలా వాదించుకున్నది దాని మీదే.

కోవూరు వైపు నుంచి వచ్చిన ఒక కుర్రాడు నాట్ల పాటను కీబోర్డు, ప్యాడ్స్‌తో ముందే రికార్డు చేసిన ట్రాక్ మీద పాడాడు. మంచి గొంతు, జనం ఈలలేశారు. ఇది జానపదం కాదన్నారు న్యాయనిర్ణేతల్లో కొందరు. అయితే హార్మోనియం మాత్రం యూరప్ నుంచి రాలేదా అని మిగతావాళ్లు. బుర్రకథ సంగతీ వచ్చింది. షేక్ నాజర్ గారు 1940లలో వామపక్ష కళాకారుల సంస్థ ప్రజానాట్యమండలి తరఫున ఆ పాత కళలో కొత్త కథలు చెప్పారు. పాతదనం ఒక్కటే కొలతైతే, 1986లో పద్మశ్రీ అందుకున్న ఆయన మన పోటీలో మొదటి రౌండ్ కూడా దాటరు!

అమెరికాలో గ్రామీ సంగీత పురస్కారాల వాళ్లకూ ఈ చిక్కు తప్పలేదు. 1987లో జానపదాన్ని సంప్రదాయం, సమకాలీనం అని రెండుగా విడదీశారు. 2012లో మొత్తం విభాగాలను 109 నుంచి 78కి తగ్గించినప్పుడు ఆ రెంటినీ మళ్లీ కలిపేశారు. మన సంగీత నాటక అకాడమీ అయితే జానపద, గిరిజన సంగీతం, నృత్యం, నాటకం, బొమ్మలాట అన్నిటినీ ఒకే గొడుగు కింద పెట్టింది. మన పోటీకి ఈ రెండు దారులూ కుదరవు.

చివరికి తేల్చుకున్నది ఇదీ: వాయిద్యాన్ని బట్టి ఎవరినీ తీసెయ్యం. పాట ఎవరి దగ్గర నేర్చారు, ఏ పనిలో ఏ వేళకు పాడతారు, ట్రాక్ లేకుండా వంత పాడేవాళ్లతో నడిపించగలరా అని చూస్తాం. ట్రాక్ ఆపి పాడమంటే ఆ కుర్రాడికి ఫోన్‌లో విన్న చరణాలు దాటి రాలేదు.

పురస్కారం నాట్లేసే ఆడవాళ్ల బృందానికి దక్కింది. మైకు ముందు నిలబెడితే మొదట వాళ్లకూ పాట సాగలేదు. అది నడుం వంచి, చేతి పనితో పాటు ఊపిరి తీసుకుంటూ పాడే పాట. కింద కూర్చుని, చేతులాడిస్తూ మీ ఇష్టమొచ్చినట్టు పాడండమ్మా అన్నాక ఒకరు ఎత్తుకున్నారు, మిగతావాళ్లు అందుకున్నారు. ఇకపై వేదిక ఎత్తు, మైకు స్టాండు పాటను బట్టి ఉండాలని నా అభిప్రాయం.

పంబ అనే జోడు డోళ్లు వాయించే ఒక కుటుంబం మాత్రం పోటీకి రానంది. కొలుపు, అంటే అమ్మవారికి ఊరు చేసే పూజ, లేకుండా ఆమె కథ ఎత్తుకోకూడదన్నారు. వాళ్లనూ పరిశీలిద్దామంటే, పోటీకి రానివాళ్లకు పురస్కారమేమిటని కొందరు సభ్యులు అడిగారు. నాకైతే వాళ్ల మాటే న్యాయం అనిపించింది. కుటుంబం, ఊరి పెద్దలు ఒప్పుకుంటే వచ్చే ఏడాది న్యాయనిర్ణేతలే కొలుపుకు వెళ్తారు. వీడియో తీయరు, మార్కుల కాగితం పట్టుకోరు. దారి ఖర్చులకు ఇప్పుడున్న నిధి చాలదు కాబట్టి చందా పెంచే తీర్మానాన్ని ఈ సభ ముందు పెడుతున్నాం.

ఇట్లు,
కార్యదర్శి