పెద్దల జీవితాలను వారి నోటితోనే నమోదు చేయించాలి

సంపాదకులు గారికి,

అయ్యా,

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వలసల గురించి పత్రికల్లో తరచుగా వార్తలు వస్తున్నాయి. ఎవరు ఏ ఊరికి పోతున్నారో వాటివల్ల తెలుస్తోంది గానీ, పోయినవారు అక్కడ ఏం తిన్నారో, ఎక్కడ పడుకున్నారో, ఇంటికి ఏమని కబురు పంపారో ఎక్కడా నమోదు కావడం లేదు. సరిగ్గా ఇటువంటి వివరాలనే తన కష్టకాలంలో ప్రభుత్వ ఖర్చుతో రాయించి పెట్టుకున్న దేశం అమెరికా. ఆ సంగతిని పాఠకుల దృష్టికి, మన జిల్లాల అధికారుల దృష్టికి తేవాలని ఈ లేఖ రాస్తున్నాను.

1929 అక్టోబరులో న్యూయార్క్ షేర్ మార్కెట్ కుప్పకూలిన తర్వాత అక్కడ బ్యాంకులు వేల సంఖ్యలో మూతపడ్డాయి. 1933 నాటికి పని చేయగలిగిన ప్రతి నలుగురిలో ఒకరికి పని లేదు. రూజ్‌వెల్ట్ ప్రభుత్వం రోడ్లు, వంతెనలు వేయించి కూలి ఇవ్వడంతో సరిపెట్టక, 1935లో ఫెడరల్ రైటర్స్ ప్రాజెక్ట్ అనే పథకం పెట్టి, ఉద్యోగాలు పోయిన విలేకరులకు, ఉపాధ్యాయులకు, గుమాస్తాలకు జీతాలిచ్చి రాత పని అప్పగించింది. వారు రాష్ట్రాల గురించి దర్శినీ గ్రంథాలు రాశారు. అంతకంటే విలువైన పనిగా, ఊరూరా తిరిగి బట్టల మిల్లు కార్మికులు, కౌలు రైతులు, చేపలు పట్టేవారు, ఇళ్లలో పనిచేసే స్త్రీలు చెప్పిన జీవిత కథలను వేల సంఖ్యలో రాసుకున్నారు. 1936-38 మధ్య, బానిసలుగా పుట్టిన 2,300 మందికి పైగా నల్లజాతి వృద్ధులను కలిసి వారి జ్ఞాపకాలను కాగితం మీద పెట్టారు. బానిసత్వం 1865లోనే రద్దయింది గనుక వారిలో చాలామంది అప్పటికే ఎనభై దాటినవారు. మరో పదేళ్లు ఆగి ఉంటే ఆ సాక్ష్యంలో అధిక భాగం మట్టిలో కలిసిపోయేది.

ఆనాటి అమెరికాను మనం సిరిసంపదల దేశంగా ఊహించుకుంటాం. నిజానికి 1930ల నడుమ అక్కడ పదింట తొమ్మిది వ్యవసాయ కుటుంబాలకు కరెంటు లేదు. పల్లెటూరి ఆడవాళ్లు పిండి సంచుల గుడ్డతో పిల్లలకు గౌన్లు కుట్టుకునేవారు. అది గమనించిన కంపెనీలు పూల అచ్చులు వేసిన సంచుల్లో పిండి అమ్మడం మొదలుపెట్టాయి. వెర్మాంట్ రాష్ట్రంలోని బ్యారీ పట్టణంలో గ్రానైట్ చెక్కే కార్మికులు, వారి ఇంటి ఆడవాళ్లు రాతిదుమ్ముతో ఊపిరితిత్తులు పాడై చనిపోతున్న మగవాళ్ల గురించి ఈ రాతగాళ్లకు చెప్పుకున్నారు. ఆ పేజీలు చదువుతుంటే మన టెక్కలి గ్రానైట్ క్వారీల్లో రాయి కోసేవారి ఇళ్లలోకి వెళ్లి ఇదే మాట అడిగినవారు ఎవరైనా ఉన్నారా అని నాకు బాధ కలుగుతుంది.

అయితే ఆ ప్రయత్నంలోని లోపాలను కూడా మనం గుర్తించాలి. దక్షిణాది రాష్ట్రాల్లో మాజీ బానిసలను ప్రశ్నించినవారిలో అత్యధికులు తెల్లవారే. ఆకలితో ఉన్న వృద్ధులు, ఎదుట కూర్చున్న ప్రభుత్వ మనిషి పింఛను ఇప్పిస్తాడేమోనన్న ఆశతోనో, భయంతోనో పాత యజమానుల గురించి మెత్తగా మాట్లాడిన సందర్భాలు ఉన్నాయి. వారి యాసను ఎగతాళిగా కనిపించేలా రాసినవారూ ఉన్నారు. ఈ పథకానికి బయట కూడా ఇటువంటి లోపమే కనిపిస్తుంది: 1936లో కాలిఫోర్నియాలోని నిపోమో దగ్గర బఠాణీ కూలీల శిబిరంలో డొరోథియా లాంగ్ తీసిన ఒక తల్లి ఫొటో ప్రపంచమంతా తిరిగింది. ఆ తల్లి పేరు ఫ్లోరెన్స్ ఓవెన్స్ థాంప్సన్ అని లోకానికి తెలిసింది మాత్రం 1978లో. కాబట్టి అడిగేవారు ఆ ఊరివారై ఉండాలి, చెప్పినవారి అనుమతి తీసుకోవాలి, పేరు వేయమన్నవారి పేరు తప్పక వేయాలి, మన ఉత్తరాంధ్ర మాటను దిద్దకుండా ఉన్నది ఉన్నట్టు రాయాలి.

మన దగ్గర రాయించవలసినవి తక్కువేమీ కావు. ఈ తీరం నుంచి రంగం (బర్మా) పోయినవారు, 1941 డిసెంబరులో రంగూన్ మీద జపాన్ బాంబులు పడ్డాక లక్షలాది భారతీయులతో పాటు అడవులు, కొండలు దాటి నడిచి వచ్చారు. ఆ నడకలో తల్లి చెయ్యి పట్టుకున్న పదేళ్ల పిల్లకు ఇప్పుడు తొంభై దాటి ఉంటుంది. వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని శుభ్రం చేసి సన్న నూలు వడికిన పొందూరు స్త్రీలు, నెల్లిమర్ల జూట్ మిల్లులో తరతరాలుగా పనిచేసిన కుటుంబాలు, గుజరాత్ రేవుల్లో పడవలెక్కే మన మత్స్యకారులు కూడా ఉన్నారు. కాళీపట్నం రామారావు గారు 1997లో శ్రీకాకుళంలో కథానిలయం స్థాపించి అచ్చయిన కథలను కాపాడారు. అచ్చెక్కని కథలకు అటువంటి చోటు ఇంకా ఏర్పడలేదు.

రెండు జిల్లాల గ్రంథాలయ సంస్థలు, ఎచ్చెర్లలోని అంబేద్కర్ విశ్వవిద్యాలయం కలిసి, డిగ్రీ పూర్తి చేసి ఉద్యోగ పరీక్షల కోసం ఎదురుచూస్తున్న స్థానిక యువతీ యువకులకు కొన్ని వారాల శిక్షణ, నెలనెలా గౌరవ వేతనం ఇచ్చి ఈ పని అప్పగించాలని కోరుతున్నాను. ఇప్పుడు ఫోనులోనే గొంతు రికార్డు చేయవచ్చు గనుక ఖర్చు పెద్దగా ఉండదు. తొంభై దాటినవారితో మొదలుపెట్టి, రికార్డు చేసిన ప్రతి మాటకూ ఒక ప్రతిని మండల గ్రంథాలయంలోను, ఒక ప్రతిని చెప్పినవారి ఇంట్లోను ఉంచాలి.

ఇట్లు,
ఒక విశ్రాంత చరిత్ర ఉపాధ్యాయుడు,
శ్రీకాకుళం