హాంకాంగ్‌తో మ్యాచ్‌ను కళింగ స్టేడియానికి ఇవ్వాలి

సంపాదకుల వారికి నమస్కారం.

సోమవారం రాత్రి తజికిస్తాన్‌లో మన ఫుట్‌బాల్ జట్టు ఒమన్‌ను పెనాల్టీల్లో 3-2తో ఓడించి మధ్య ఆసియా జట్ల పోటీ అయిన కాఫా నేషన్స్ కప్‌లో మూడో స్థానం సంపాదించింది. ఉదాంత సింగ్ స్కోరు సమం చేయడం, ఆఖరి పెనాల్టీని గురుప్రీత్ ఆపడం చూశాక పర్లాకిమిడిలో మా కుర్రాళ్లకు చాలాసేపు నిద్ర పట్టలేదు. గత నెలలోనే కోచ్‌గా పగ్గాలు పట్టిన ఖాలిద్ జమీల్ కొద్దిరోజుల శిబిరంతోనే ఈ పని చేయించాడు. 2017లో ఐజోల్ లాంటి చిన్న క్లబ్బును ఐ-లీగ్ విజేతగా నిలబెట్టిన కోచ్ ఆయన. అందుకే ఆయన మీద నాకు గట్టి నమ్మకం.

అసలు పరీక్ష వచ్చే నెలలో ఉంది. 2027 ఆసియా కప్ అర్హత పోటీల్లో మన గ్రూపు నుంచి ఒక్క జట్టే ముందుకు వెళ్తుంది. షిల్లాంగ్‌లో బంగ్లాదేశ్‌తో గోల్ లేకుండా డ్రా చేసుకున్నాం. జూన్‌లో హాంకాంగ్ వెళ్లి ఆట ముగిసే వేళ ఇచ్చిన పెనాల్టీతో ఓడిపోయాం. రెండు మ్యాచ్‌లకు మన ఖాతాలో ఒకే పాయింటు. హాంకాంగ్, సింగపూర్ చెరి నాలుగుతో పైనున్నాయి. ఇంకా నాలుగు మ్యాచ్‌లు, పన్నెండు పాయింట్లు మిగిలే ఉన్నాయి. అక్టోబర్ 9న సింగపూర్‌లోనూ, 14న మన దేశంలోనూ సింగపూర్‌తో ఆడాలి. రెండూ గెలిస్తే లెక్క తిరగబడుతుంది. 2019, 2023 ఆసియా కప్పుల్లో ఆడిన జట్టు వరసగా మూడోసారి అక్కడికి వెళ్తే, అది మన చరిత్రలో ఎన్నడూ జరగని సంగతి.

నా బెంగంతా గోల్ కొట్టేవాడి గురించే. నిరుడు జనవరిలో ఖతర్‌లో జరిగిన ఆసియా కప్‌లో మూడు మ్యాచ్‌లాడి ఒక్క గోల్ కూడా చేయలేకపోయాం. నిరుడు జూన్‌లో కోల్‌కతాలో కన్నీళ్లతో వీడ్కోలు చెప్పిన సునీల్ ఛెత్రిని ఈ మార్చిలో మళ్లీ పిలవాల్సి వచ్చింది. నలభై దాటిన మనిషి వైపు ఇంకా చూస్తున్నామంటే తప్పు ఆయనది కాదు. మన దేశపు పెద్ద లీగ్ ఐఎస్‌ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్)లో ఒక్కో జట్టులో నలుగురు విదేశీయులు మైదానంలో ఉండొచ్చు. గోల్ ముందరి చోటు చాలా క్లబ్బుల్లో వాళ్లకే పోతుంది. మన కుర్రాడు అంచున పరుగెత్తి బంతి అందిస్తాడు, గోల్ మరొకరు కొడతారు. ఏడాదంతా ఆ అలవాటు చేయించి, దేశం తరఫున ఆడేటప్పుడు మాత్రం గోల్ కొట్టమంటే ఎలా?

ఇప్పుడు ఆ లీగే నిలిచిపోయింది. అఖిల భారత ఫుట్‌బాల్ ఫెడరేషన్‌కూ, లీగ్ నడిపే సంస్థకూ మధ్య ఒప్పందం డిసెంబరుతో ముగుస్తుందని జులైలో సీజన్‌ను ఆపేశారు. మా క్లబ్బు ఒడిశా ఎఫ్‌సీ ఆగస్టులో ఆటగాళ్ల, సిబ్బంది కాంట్రాక్టులు నిలిపివేసింది. ఫెడరేషన్ తన కొత్త నియమావళిని అక్టోబర్ 30లోగా ఆమోదించకపోతే దాని మీద వేటు పడొచ్చని ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ ఫిఫా హెచ్చరించింది. 2022 ఆగస్టులో ఆ వేటు ఒకసారి పడింది కూడా. పెద్దలారా, ఆటగాళ్లు మ్యాచ్‌లు లేక ఖాళీగా కూర్చుని సింగపూర్ మీదికి వెళ్లాలా? కాగితాల తగవు ఎప్పటికైనా తీరుతుంది, పోయిన పాయింట్లు తిరిగి రావు.

ఈ లేఖ రాయడానికి ముఖ్య కారణం మరొకటి. వచ్చే మార్చి 31న హాంకాంగ్ మన గడ్డ మీద ఆడుతుంది. ఆ మ్యాచ్‌ను భువనేశ్వర్‌లోని కళింగ స్టేడియానికి ఇవ్వాలి. 2023 జూన్‌లో లెబనాన్‌ను 2-0తో ఓడించి ఇంటర్‌కాంటినెంటల్ కప్ గెలిచింది అక్కడే. రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చిన బహుమతిలో 20 లక్షల రూపాయలను బాలేశ్వర్ రైలు ప్రమాద బాధితులకు ఇస్తున్నామని మన జట్టు ప్రకటించినప్పుడు, ఒడియా, తెలుగు అన్న తేడా లేకుండా ఇక్కడ అందరి మనసూ నిండింది. అదే ఏడాది నవంబరులో ఖతర్ చేతిలో 0-3తో ఓడినా ఇక్కడి జనం జట్టును వదిలిపెట్టలేదు. గుణుపురం, పర్లాకిమిడి, బరంపురం నుంచి పలాస మీదుగానో, నేరుగానో రైలెక్కి వెళ్లగలం. కోల్‌కతా, గోవా మాకు అందే దూరం కాదు. మా కొండల్లో సవర పల్లెల పిల్లలు చెప్పుల్లేకుండానే బంతి ఆడతారు. భారత జట్టు అర్హత మ్యాచ్‌ను వాళ్లు ఒక్కసారైనా కళ్లారా చూడాలి. రాయితీ టికెట్లు, పిల్లలకు బస్సులు ప్రభుత్వం తలచుకుంటే పెద్ద పనేం కాదు.

ఆశ పెట్టుకోవచ్చని మన మహిళల జట్టు అమ్మాయిలు ఇప్పటికే చూపించారు. జులై 5న చియాంగ్‌మాయ్‌లో థాయిలాండ్‌ను 2-1తో ఓడించి, అర్హత పోటీల ద్వారా తొలిసారి మహిళల ఆసియా కప్‌కు వెళ్తున్నారు. మంగోలియాను 13-0తో ఓడించిన రోజు మా సుందర్‌గఢ్ అమ్మాయి ప్యారీ ఖాఖా ఒక్కతే అయిదు గోల్స్ చేసింది. ఆ జట్టులో నిజామాబాద్ బిడ్డ గుగులోతు సౌమ్య కూడా ఉంది. వచ్చే మార్చిలో ఆస్ట్రేలియాలో జరిగే ఆ కప్‌లో సెమీస్ చేరితే 2027లో బ్రెజిల్ ప్రపంచ కప్పే.

మీ పత్రిక శ్రీకాకుళం వైపూ ఇటు గజపతి, రాయగడ, గంజాం జిల్లాల్లోనూ చదువుతారు. అక్టోబర్ 9, 14 మ్యాచ్‌ల వివరాలు ముందురోజే వేయండి. హాంకాంగ్ మ్యాచ్ వేదిక విషయం ఒడిశా క్రీడాశాఖ, ఫెడరేషన్ దృష్టికి వెళ్లేలా ఈ లేఖను ప్రచురించాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక ఫుట్‌బాల్ అభిమాని,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా
10 సెప్టెంబర్ 2025