వడదెబ్బ కేసు హైకోర్టులో ఎందుకు ఉండాలంటే

సంపాదకులకు నమస్కారం.

వేసవి వచ్చిందంటే వడదెబ్బ మృతుల వార్తలు జిల్లా పేజీల్లో పడుతుంటాయి. తొలకరి పడగానే ఆగిపోతాయి. మళ్లీ మార్చి దాకా ఆ ఊసే ఉండదు. వాతావరణ మార్పుల మీద దేశదేశాల్లో జనం కోర్టులకెక్కుతున్న ఈ రోజుల్లో, అమరావతిలోనూ హైదరాబాద్‌లోనూ ఉన్న మన రెండు హైకోర్టుల్లో వడగాడ్పుల మీద ఒక్కో కేసు ఉండాలని, ఏటా తెరిచే ఉండాలని నా అభిప్రాయం. తీర్పు కోసం కాదు, లెక్క అడగడం కోసం.

తీర్పయితే ఇప్పటికే ఉంది. వాతావరణ మార్పుల దుష్ఫలితాల నుంచి రక్షణ పొందడం పౌరుల హక్కేనని సుప్రీంకోర్టు 2024 మార్చి 21న చెప్పింది. రాజ్యాంగంలో సమానత్వం, జీవించే హక్కు ఇచ్చే 14, 21 అధికరణల్లోనే ఆ హక్కు ఉందంది. గొప్ప మాటే, కానీ ఏ కేసులో వచ్చిందో చూడండి. అది అంతరించిపోతున్న బట్టమేక పిట్ట (గ్రేట్ ఇండియన్ బస్టర్డ్) కేసు. ఆ పిట్ట కోసమే మా నంద్యాల జిల్లా రోళ్లపాడులో 1988లో అభయారణ్యం పెట్టారు. ఇప్పుడక్కడ ఏళ్లుగా దాని జాడ లేదు. రాజస్థాన్, గుజరాత్‌లలో మిగిలిన కొద్దిపాటి పిట్టలు కరెంటు తీగలకు కొట్టుకుని చస్తున్నాయని, తీగలను భూమిలోపల వేయాలని 2021లో సుప్రీంకోర్టు ఆదేశించింది. అలా అయితే సౌర, పవన విద్యుత్తు ముందుకు సాగదని, వాతావరణ మార్పులపై దేశాలు చేసుకున్న పారిస్ ఒప్పందంలో ఇచ్చిన మాట నిలబెట్టుకోలేమని కేంద్రం మొరపెట్టుకుంది. కోర్టు ఆ ఆదేశాన్ని సడలించి నిపుణుల కమిటీ వేసింది. ఆ సడలింపు ఎందుకో చెబుతూ రాసిన పేజీల్లోనే ఈ కొత్త హక్కు పుట్టింది. పౌరుడి పేరున పుట్టిన హక్కు మొదట అక్కరకొచ్చింది ప్రభుత్వానికే! గని, శకునాల గ్రామాల సౌర పలకల పక్కనే బతుకుతున్నవాణ్ని, సౌర విద్యుత్తు వద్దని నేననను. కానీ ఆ తీర్పు వచ్చాక ఎండలో మట్టి తవ్వే కూలీకి ఏం మారిందంటే జవాబు దొరకదు.

పౌరులు తామే వెళ్లి అడిగితే ఏమైందో కూడా చూశాం. వాతావరణ మార్పుల మీద ప్రభుత్వం తగినంత చేయడం లేదంటూ ఉత్తరాఖండ్‌కు చెందిన రిధిమా పాండే తొమ్మిదేళ్ల వయసులో, 2017లో, జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు వెళ్లింది. ప్రాజెక్టులకు పర్యావరణ ప్రభావ మదింపు చేసేటప్పుడు ఆ సంగతీ చూస్తూనే ఉన్నారు కదా అంటూ ట్రిబ్యునల్ 2019 జనవరిలో పిటిషన్‌ను కొట్టేసింది. అంత పెద్ద ప్రశ్నకు అంత చిన్న జవాబా అనిపించింది నాకు.

ఈ విషయం మాట్లాడేవాళ్లంతా నెదర్లాండ్స్ పేరు చెబుతారు. అక్కడ ఉర్జెండా అనే సంస్థ, దానితో పాటు 886 మంది పౌరులు వేసిన కేసులో, 2020 చివరికల్లా భూమిని వేడెక్కించే వాయువుల ఉద్గారాలను 1990తో పోలిస్తే 25 శాతం తగ్గించాల్సిందేనని ఆ దేశ సుప్రీంకోర్టు 2019 డిసెంబరులో ఖాయం చేసింది. మంచిదే. మనకు పనికొచ్చే ఉదాహరణ మాత్రం పక్కనే, లాహోర్‌లో ఉంది. పాకిస్థాన్ పేరు చెబితే కొందరికి నచ్చకపోవచ్చు, అయినా చెప్పక తప్పదు.

దక్షిణ పంజాబ్ రైతు అస్ఘర్ లెఘారీ 2015లో లాహోర్ హైకోర్టుకు వెళ్లాడు. ఆయన కొత్త చట్టం కావాలని అడగలేదు. 2012లో మీరే వాతావరణ విధానం ప్రకటించారు, దాని అమలుకు 2014 నుంచి 2030 దాకా ప్రణాళికా మీరే రాసుకున్నారు, అందులో ఏం చేశారో చెప్పండి అన్నాడు. చెప్పడానికి ప్రభుత్వం దగ్గర పెద్దగా ఏమీ లేకపోయింది. న్యాయమూర్తి సయ్యద్ మన్సూర్ అలీ షా ప్రతి మంత్రిత్వ శాఖా ఒక బాధ్యుణ్ని నియమించి పేరు చెప్పాలన్నారు. డిసెంబరు 31లోగా పూర్తయ్యే పనుల జాబితా ఇమ్మన్నారు. పర్యవేక్షణకు కమిషన్ వేసి కేసును మూయకుండా ఉంచారు. 2018 నాటికి అత్యవసరమని గుర్తించిన పనుల్లో సుమారు 66 శాతం పూర్తయినట్టు కమిషన్ నివేదిక ఇచ్చింది. ఆ అంకెను ఎవరైనా శంకించవచ్చు. అంతకుముందు శంకించడానికైనా అంకె లేదు.

కోర్టులు ప్రభుత్వాన్ని నడపకూడదన్న వాదన మీ చర్చా పేజీలో తరచూ కనిపిస్తుంది. ఎన్నిక కాని జడ్జీలు విధానాలు రాయకూడదని నేనూ అంటాను. లాహోర్‌లో జడ్జి విధానం రాయలేదు, రాసిన కాగితం తెమ్మన్నాడు. ఢిల్లీ బస్సులను సీఎన్‌జీకి మార్చాలని మన సుప్రీంకోర్టు 1998లో చెప్పినప్పుడు పెట్టిన గడువు 2001 మార్చి. అది దాటిపోయింది. కేసును వదలకుండా మళ్లీ మళ్లీ విచారించి, డీజిల్ బస్సులకు రోజువారీ జరిమానా వేస్తే తప్ప 2002 చివరికి ఆ పని కాలేదు. కొల్లేరు సంగతి మీ పాఠకులకు నేను చెప్పాలా? కోర్టు ఆదేశంతో 2006లో ఆ సరస్సులోని చేపల చెరువుల గట్లు పేల్చేశారు, చిన్నవాళ్ల బతుకుదెరువూ పోయింది, ఆ తర్వాత ఏళ్లలో చేపల చెరువులు మళ్లీ వెలిశాయి. ఒక్కసారి గట్టిగా కొట్టి వదిలేస్తే జరిగేది అదే.

వడగాడ్పుల మీద కోర్టు కదిలిన సందర్భమూ లేకపోలేదు. 2024 మే నెలాఖరున రాజస్థాన్ హైకోర్టు తనంతట తానే కేసు చేపట్టి, రోడ్ల మీద నీడ, నీళ్లు ఏర్పాటు చేయమని, ఎండ మండే వేళ కూలీలకు విరామం ఇచ్చేలా చూడమని ఆదేశాలిచ్చింది. అదే కోర్టు డిసెంబరులో చూస్తే అవి అమలు కాలేదు. ఆ ఆరు నెలల్లో అడిగినవాడు లేడు.

మనకు ఈ అవసరం ఎక్కువ. 2015 మేలో దేశంలో వడగాడ్పులకు రెండువేల మందికి పైగా చనిపోతే, వాళ్లలో అత్యధికులు మన రెండు రాష్ట్రాలవాళ్లే. వడగాడ్పుల కార్యాచరణ ప్రణాళికలు మన ప్రభుత్వాల దగ్గరా ఉన్నాయి. చలివేంద్రాలు, పీహెచ్‌సీల్లో ఓఆర్‌ఎస్ పొట్లాలు, ఉపాధి హామీ పనుల వేళల మార్పు, పని దగ్గర నీడకు పరదాలు... కాగితం మీద కొరతేమీ లేదు. తెలంగాణ 2025 ఏప్రిల్‌లో వడదెబ్బను విపత్తుగా గుర్తించి పరిహారాన్ని 4 లక్షల రూపాయలకు పెంచింది. సంతోషం. కానీ ఆ డబ్బు అందాలంటే ముందు అది వడదెబ్బ చావేనని రుజువు కావాలి. పొలంలో పడిపోయిన మనిషికి పోస్టుమార్టం చేయించాలని, తహసీల్దారు, ఎస్ఐ, వైద్యాధికారి కలిసి ధ్రువీకరించాలని ఆ ఇంట్లోవాళ్లకు ఎవరు చెబుతారు? వాళ్లకు తెలిసేసరికి దహనం అయిపోయి ఉంటుంది. గుండెపోటు అని రాసేస్తే ప్రభుత్వం లెక్కలో ఒక చావు తగ్గుతుంది, అంతే.

లాయర్లు ఇక్కడ రావాలి. సామాన్యుడు రాసిన ఉత్తరాన్నే పిటిషన్‌గా తీసుకున్న చరిత్ర మన హైకోర్టులకు ఉంది. ఉద్గారాలు తగ్గించమని, బొగ్గు కేంద్రాలు మూయమని అడిగే పెద్ద కేసులు సుప్రీంకోర్టులో నడవనివ్వండి. హైకోర్టులో మాత్రం అడగాల్సినవి చిన్నవి. ఫిబ్రవరిలో ఒకసారి, మే మధ్యలో ఒకసారి, వేసవి ముగిశాక జూలైలో ఒకసారి విచారణ. ప్రతి జిల్లాకూ ఒక బాధ్యుడి పేరు. ఏ మండలంలో ఎన్ని పని ప్రదేశాల్లో నీడ, నీళ్లు ఉన్నాయో కలెక్టర్ సంతకంతో అఫిడవిట్. దాన్ని తనిఖీ చేయడానికి జిల్లా న్యాయసేవాధికార సంస్థలున్నాయి, న్యాయసాయం చేసే వాటి పారాలీగల్ వలంటీర్లు ఊళ్లలోనే ఉంటారు. కొత్త కమిషన్లు అక్కర్లేదు.

వచ్చే ఫిబ్రవరిలోగా ఏ న్యాయవాదుల సంఘమైనా ఈ పిటిషన్ వేస్తే, మొదటి విచారణలోనే అడగవలసినది ఒకటుంది. గత వేసవిలో వడదెబ్బతో చనిపోయారని ఎన్ని దరఖాస్తులు వచ్చాయి, ఎన్నింటిని తిరస్కరించారు, ఏ కారణం రాసి తిరస్కరించారు? ఆ జాబితా మండలాలవారీగా కోర్టులో దాఖలైతే మీ పత్రిక దాన్ని యథాతథంగా అచ్చువేయాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
నంద్యాల