మందుల షాపు అన్నకు, రెటీనా డాక్టరమ్మకు మా అమ్మ తరఫున

అమ్మ కళ్ల విషయంలో సాయం చేసిన ఇద్దరికి ఎదురుగా ఉన్నప్పుడు సరిగ్గా థాంక్స్ చెప్పలేకపోయాను. ఆ టెన్షన్‌లో నోట మాట రాలేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

అమ్మకు అరవై నాలుగేళ్లు. రెండేళ్లుగా ఎండలోంచి ఇంట్లోకి వస్తే చాలాసేపు ఏమీ కనిపించేది కాదు. గుడికెళ్లి గర్భగుడి ముందు నిలబడినా స్వామి రూపం తెలియడం లేదని ఏడ్చింది. మొదట చూపించిన చోట, వయసుతో వచ్చే మాక్యులా (కంటి వెనక పొర రెటీనాలో నడిమి భాగం) జబ్బు అన్నారు, విటమిన్ మాత్రలు రాశారు. ఏడాదిన్నర అవే వాడాం.

రెండోసారి చూసిన రెటీనా డాక్టరమ్మ స్కాన్ తీయకముందే అడిగారు: "ఏమేం మాత్రలు వేసుకుంటారమ్మా? కంటివే కాదు, అన్నీ చెప్పండి." అమ్మ బీపీ మాత్ర పేరు చెప్పి ఊరుకుంది. డాక్టరమ్మకు ఏదో అర్థమైంది. నన్ను కాసేపు బయట కూర్చోమన్నారు. కొడుకు ముందు చెప్పలేని సంగతి అప్పుడు చెప్పింది అమ్మ. మూత్రాశయం నొప్పికి ఎనిమిదేళ్లుగా పెంటోసాన్ క్యాప్సూల్స్, రోజుకు మూడు.

ఆ మందు ఎక్కువకాలం వాడిన కొందరిలో మాక్యులా దెబ్బతింటుందట. రెటీనా కింద రంగు మచ్చలు పడతాయి, చీకటికి కళ్లు అలవాటుపడటం ఆలస్యమవుతుంది. పైకి చూస్తే వయసు జబ్బులాగే ఉంటుంది కాబట్టి మొదటి డాక్టరుగారి మీద నాకు కోపం లేదు. తేడా బాగా తెలిసేది ఆటోఫ్లోరోసెన్స్ ఫొటోలో, అంటే రెటీనా తనంతట వెలువరించే సన్నని వెలుగును పట్టే ఫొటోలో. అందులో మాక్యులా చుట్టూ తెల్లవీ నల్లవీ చుక్కలు ఒత్తుగా కనిపించాయి. అమెరికాలో ఈ మందుకు 1996లో అనుమతి వచ్చింది. కంటికి ముప్పు ఉందని అట్లాంటాలోని ఎమరీ యూనివర్సిటీ కంటి వైద్యులు ఆరుగురు రోగుల వివరాలతో 2018లో రాశారు. 2020లో గానీ అక్కడి మందు కాగితంలో హెచ్చరిక చేరలేదు.

ఎన్నేళ్లు, మొత్తం ఎంత మోతాదు అన్నది తేలాలన్నారు. మా దగ్గర చీటీలు లేవు. మా వీధి మందుల షాపు అన్న ఆ రాత్రి షట్టర్ దించి, పాత బిల్లు పుస్తకాలన్నీ ముందేసుకుని కూర్చున్నారు. అమ్మ కొన్న ప్రతి స్ట్రిప్పూ తేదీతో సహా ఒక కాగితం మీద రాసిచ్చారు. రోజుకు 300 మిల్లీగ్రాములంటే ఏడాదికి దాదాపు 110 గ్రాములు. ఎనిమిదేళ్లకు 870 దాటింది. డబ్బులివ్వబోతే "మీ అమ్మగారు నాకు పరాయివారా?" అన్నారు.

ఆ కాగితం చూసి డాక్టరమ్మే యూరాలజిస్టుకు ఫోన్ చేసి మాట్లాడారు. మందు ఆపించి, నొప్పికి వేరే వైద్యం మొదలుపెట్టారు. పోయిన చూపు తిరిగి రాదని, ఆపాక కూడా నష్టం కొనసాగవచ్చని దాచకుండా చెప్పారు. ఏటా స్కాన్లు ఉంటాయి.

డాక్టరమ్మా, ఆ రోజు నన్ను బయటకు పంపినందుకు మీకు రుణపడి ఉంటాను. అన్నా, మీ చేతిరాత కాగితాన్ని అమ్మ రిపోర్టుల ఫైల్లో అన్నిటికన్నా పైన పెట్టుకుంది. సంక్రాంతికి మీ ఇద్దరి ఇళ్లకూ అరిసెలు తనే చేసి పంపుతానంటోంది. పాకం చూడటానికి పక్కన నేనుంటాను.